ప్రిన్సిపాల్ గారి వెంట ఇన్‌స్ట్రక్టర్‌నీ పంపండి

సంపాదకులకు నమస్కారం.

వృత్తివిద్యా సంస్థల ప్రిన్సిపాళ్లను విదేశాలకు పంపడం దండగని ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఇద్దరు ముగ్గురు రాశారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫిట్టర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పంపాల్సిందే అంటాను. కాకపోతే ప్రిన్సిపాల్‌ని ఒక్కరినే పంపుతున్నంత కాలం వాళ్లు రాసిందే నిజమవుతుంది.

మా ప్రిన్సిపాల్ గారు ఒకసారి అలాగే జర్మనీ వెళ్లొచ్చారు. నాలుగు రోజుల్లో ఆరు సంస్థలు. మంచి మనిషి, సరదాకి వెళ్లిన రకం కాదు. వచ్చిన వారానికే స్టాఫ్ మీటింగ్ పెట్టి ప్రొజెక్టర్ మీద ఫొటోలు చూపించారు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు, అద్దంలా మెరిసే నేల, ఒకే రంగు యూనిఫాంలో పిల్లలు. ఒక ఫొటోలో వెనకాల బెంచీ దగ్గర ఓ కుర్రాడు నోటుబుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు. పనిచేస్తున్న లోహపు ముక్క వైస్ పట్టులో బిగించినది బిగించినట్టే ఉంది. “వాడేం రాస్తున్నాడు సార్?” అని అడిగాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, తెర దగ్గరికెళ్లి చూసి, “అడగలేదండీ” అన్నారు.

బహుశా అది అక్కడి అప్రెంటిస్ రాసే శిక్షణ రికార్డు. ఏ పని చేశాడు, ఏం నేర్చుకున్నాడు, బడిలో ఏ పాఠం జరిగింది అన్నీ అందులో ఉంటాయి. రాసుకోవడానికి పని గంటల్లోనే టైం ఇస్తారు. ట్రైనర్ చదివి సంతకం పెడతాడు. అది లేకపోతే చివరి పరీక్షకి కూర్చోనివ్వరు. మా దగ్గరా రికార్డులు ఉండేవి. సంతకాల ముందు రాత్రి పక్కవాడి రికార్డులోంచి దించేవాళ్లు. అలాంటివి తెలిసి తెలిసీ వందల కొద్దీ సంతకం పెట్టాను, దాచడం ఎందుకు.

మిషన్ల సంగతి కేటలాగ్ తెప్పించుకున్నా తెలుస్తుంది. ఆ రికార్డు వెనక ఉన్న ఏర్పాటే వెళ్లి చూడాలి. జర్మనీలో 1969లో చేసిన వృత్తి శిక్షణ చట్టం ప్రకారం కుర్రాడికి కంపెనీతో ఒప్పందం ఉంటుంది, స్టైపెండ్ వస్తుంది. మామూలుగా వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో. చివరి పరీక్ష బడి చేతిలో ఉండదు. వాణిజ్య, చేతివృత్తుల మండళ్లు పెడతాయి. పరీక్ష కమిటీలో యజమానుల తరఫువాళ్లు ఎంతమందో కార్మికుల తరఫువాళ్లూ అంతేమంది ఉండాలి. వాళ్లతో పాటు వృత్తివిద్య బోధించే టీచరు కనీసం ఒకరు. ఫిన్లాండ్‌లోనూ 2018 సంస్కరణ తర్వాత విద్యార్థి తన పనితనాన్ని మామూలుగా పని చేసే చోటే చూపించాలి. టీచరూ ఆ రంగంలో పనిచేసే మనిషీ కలిసి అంచనా వేస్తారు. తన విద్యార్థికి బయటివాళ్లు కూడా మార్కులేస్తారంటే ఏ ప్రిన్సిపాల్‌కైనా మొదట గుండెల్లో రాయి పడుతుంది. మరి వాళ్లెలా ఒప్పుకున్నారు, గొడవొస్తే ఎవరు తీరుస్తారు? అడగాల్సినవి అవీ.

యూరప్‌లో వృత్తివిద్య కోసం పనిచేసే సెడెఫాప్ అనే సంస్థ 2008 నుంచి కొన్నేళ్ల పాటు ఇలాంటి స్టడీ విజిట్లను సమన్వయం చేసింది. పది పదిహేను మంది గుంపు, మూడు నుంచి ఐదు రోజులు, ఒకే అంశం. ఆ గుంపుల్లో ప్రిన్సిపాళ్లే కాదు, అధికారులు, కంపెనీల వాళ్లు, యూనియన్ల వాళ్లూ ఉండేవారు. చివర్లో అందరూ కలిసి ఒక రిపోర్టు రాయాలి. ఒకరి కంటికి ఆననిది ఇంకొకరికి కనిపిస్తుంది.

ఇంకో మాట. దీన్ని పరస్పర పర్యటన అంటున్నారు, విదేశాల వాళ్లు ఇక్కడికి రావడం మాత్రం అరుదు. నా సర్వీసు మొత్తంలో ఒక్క విదేశీ ఇన్‌స్ట్రక్టర్ మా వర్క్‌షాప్‌కి వచ్చారు, అదీ పావుగంట. ఆ పావుగంటలో ఆయన మిషన్ల వంక చూడలేదు. బీరువాకి ఉన్న తాళం చూసి, “దీని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?” అని అడిగారు. పిల్లలు పాడుచేస్తారని, సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్లు అందులో దాచి ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం తీసేవాళ్లం. నాకు మాట రాలేదు. తర్వాతి వారం బీరువా తెరిచాం. రెండు మైక్రోమీటర్లు కింద పడి పాడయ్యాయి, స్టోర్స్‌కి సంజాయిషీ రాసుకున్నాను. ఆ ఏడాది బ్యాచ్‌కి మాత్రం కొలత తీయడం వచ్చింది.

అధికారులకు నా మనవి ఒక్కటే. ఈసారి ప్రతి ప్రిన్సిపాల్ వెంట ఆ సంస్థ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకరిని పంపండి. ఖర్చు ఎక్కువవుతుందంటే ఆరు సంస్థలు తిప్పడం మాని ఒక్కదాంట్లోనే వారం ఉంచండి. అతిథులను తిరిగి ఇక్కడికీ పిలవండి. వెళ్లేవాళ్లకు చేతనైతే ఆ నోటుబుక్‌లో ఒక పేజీ, దాని యజమానిని అడిగి, జిరాక్స్ తీయించుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్