నిజగాథ అన్నాక నిజం పేర్లకు పూచీ ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీలో యుద్ధ చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివాను. వెర్నర్ హెర్జోగ్ 2006లో తీసిన ‘రెస్క్యూ డాన్’ను అందులో ‘అక్షరాలా జరిగిన కథ’ అని పరిచయం చేశారు. ఆ మాట మీదే నా అభ్యంతరం. సినిమా నాకూ చాలా ఇష్టం. కానీ అందులో ఒక మనిషికి అన్యాయం జరిగింది. ఆ సంగతి మీ పాఠకులకు తెలియాలి.

సినిమా కథానాయకుడు, అమెరికా నౌకాదళ పైలట్ డీటర్ డెంగ్లర్ విమానం వియత్నాం యుద్ధకాలంలో, 1966 ఫిబ్రవరి 1న లావోస్‌లో కూలింది. అక్కడి కమ్యూనిస్టు తిరుగుబాటుదారులైన పాథెట్ లావో దళాలు ఆయన్ని పట్టుకున్నాయి. జూన్ 29న శిబిరం నుంచి తప్పించుకుని, జూలై 20 దాకా వానాకాలపు అడవిలో ప్రాణం నిలుపుకున్నాడు. వెంట వచ్చిన తోటి ఖైదీ డ్వేన్ మార్టిన్‌ను ఒక గ్రామస్థుడు కత్తితో నరికి చంపాడు. హెలికాప్టర్ వచ్చి కాపాడేనాటికి డెంగ్లర్ బరువు 44 కిలోలు. ఇవన్నీ నిజాలే.

తెర మీద ఆ కష్టం చూస్తుంటే మనకే ఊపిరాడదు. రాత్రయితే ఖైదీల కాళ్లు కొయ్య బొండలో బిగించి, చేతులకు సంకెళ్లు వేసి, వరసగా పడుకోబెడతారు. ఒకడు కదిలితే పక్కవాడికి నిద్ర ఉండదు. ఒక చిన్న మేకు దొరికితే దానితో సంకెళ్లు తీయడం నేర్చుకుంటాడు డెంగ్లర్. క్రిస్టియన్ బేల్ ఎముకల గూడులా చిక్కిపోయి ఆ పాత్రలో బతికాడు. దర్శకుడి పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు.

నా బాధంతా జీన్ డెబ్రుయిన్ అనే తోటి ఖైదీ గురించి. సినిమాలో జీన్ మతి చలించినవాడు. నేడో రేపో మనల్ని వదిలేస్తారని అదే పనిగా అంటుంటాడు, పారిపోదామంటే కేకలు వేసి కాపలావాళ్లకు చెప్పేస్తానని బెదిరిస్తాడు. చూసేవాళ్లకు ఆయన మీద చిరాకే కలుగుతుంది. హీరోకు కాపలావాళ్ల కంటే ఇతనే పెద్ద అడ్డంకి అనిపిస్తుంది.

ఇది కల్పిత పాత్ర అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. జీన్ నిజంగా ఉన్న మనిషి. 1963 సెప్టెంబరులో కూలిన ఎయిర్ అమెరికా (అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన విమాన సంస్థ) రవాణా విమానం సిబ్బందిలో ఒకడు. డెంగ్లర్ ఆ శిబిరానికి వచ్చేసరికే ఆయన రెండేళ్లకు పైగా బందీగా ఉన్నాడు. ఆయనతోపాటే పట్టుబడిన థాయ్ సహచరుడు ఫిసిత్ ఇంథరథత్ తర్వాత ప్రాణాలతో బయటపడ్డాడు. సినిమా వచ్చాక ఫిసిత్, జీన్ సోదరుడు జెర్రీ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. వాళ్లు చెప్పిన జీన్ వేరు. తోటి ఖైదీలకు ఇంగ్లిష్ నేర్పినవాడు, ఉన్న కాస్త తిండీ పంచుకున్నవాడు, ఆపదలో ఉన్న సహచరుడి కోసం వెనక్కి వెళ్లినవాడు. పారిపోయే పథకం కూడా డెంగ్లర్ రాకముందే మిగతా ఖైదీలు వేసుకున్నారని, ఆయన్ని నమ్మవచ్చని తేలాకే చెప్పారని వాళ్లు అన్నారు. సినిమాలో మాత్రం ఆ ఆలోచన, ధైర్యం అంతా ఒక్కడిదే. ఏళ్ల తరబడి ముందునుంచీ అక్కడ మగ్గిన థాయ్ ఖైదీలు పక్కవాయిద్యం అయిపోయారు.

జీన్ తిరిగి రాలేదు. ఆయన ఏమయ్యాడో ఈనాటికీ తేలలేదు. బతికి వచ్చిన డెంగ్లర్ తన కథ తాను చెప్పుకోగలిగాడు. జీన్‌కు ఆ అవకాశమే రాలేదు. కబురు కోసం ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసిన కుటుంబానికి, తమవాడు ఇలా తెర మీద కనిపిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

సినిమా అన్నాక మార్పులు తప్పవని అంటారు. ఒప్పుకుంటాను. పది రోజుల నడకను పది నిమిషాల్లో చూపాలి, ఇద్దరు మనుషులను కలిపి ఒకరిని చేయాలి, మాటలు కొత్తగా రాయాలి. అలాంటప్పుడు పేరు మార్చడానికి ఏం అడ్డం వచ్చింది? కథకు ఒక పిరికివాడు కావాలంటే వాడికి ఇంకో పేరు పెట్టుకోవచ్చు. అసలు పేరు ఉంచి, గుణం మార్చి, పైన ‘నిజగాథ’ అని ముద్ర వేస్తే అది ఆ మనిషి మీద వేసిన నింద అవుతుంది. జబ్బుపడ్డ ఖైదీలను వదిలి వెళ్లడానికి జీన్ ఒప్పుకోలేదన్న సంగతి సినిమా పూర్తయ్యాకే తనకు తెలిసిందని, ముందే తెలిసుంటే చేర్చేవాణ్ణేమోనని హెర్జోగ్ స్వయంగా చెప్పారు. ఆయన అలా ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ మాట విన్నవాళ్లు ఎందరు? సినిమా మాత్రం ఇప్పటికీ కొత్తవాళ్లు చూస్తూనే ఉన్నారు. వాళ్లకు తెలిసే జీన్ తెర మీది జీనే.

ఆ సంగతి తెలిశాక చివర్లో రెండు వాక్యాలు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పాత సినిమాను ఓటీటీలో కొత్తగా పెట్టేవాళ్లయినా, కుటుంబం అభ్యంతరం చెప్పిందన్న ముక్క పరిచయంలో రాయవచ్చు. బతికున్నవాళ్లయితే కోర్టుకు వెళతారన్న భయంతో నిర్మాతలు జాగ్రత్త పడతారు. ఆచూకీ లేనివాళ్ల విషయంలో ఆ భయం ఉండదు కనుక, వాళ్ల గురించి ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలని నా అభిప్రాయం.

పత్రికలకూ ఇందులో పాత్ర ఉంది. మన పాఠకుల్లో చాలామంది ఇలాంటి సినిమాలను మీ పేజీ చూసే ఎంచుకుంటారు. ‘నిజంగా జరిగింది’ అని రాసే ముందు ఆ కథలో ఉన్న మిగతావాళ్లు ఏమన్నారో మీ సమీక్షకులు ఒకసారి వెతికి చూడాలని కోరుతున్నాను. ఈ సినిమా విషయంలో మాత్రం వచ్చే ఆదివారం అదే పేజీలో జీన్ డెబ్రుయిన్ గురించి ఫిసిత్, జెర్రీ చెప్పిన మాటలు చిన్న సవరణగానైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు