సంక్రాంతి తర్వాత కోసిన స్టీరియో రికార్డులు వెనక్కి ఇచ్చేయండి

మన అమలాపురం కొట్లో సంక్రాంతి తర్వాత రికార్డు కోయించుకున్నవాళ్లకు ఈ మాట. పాట వెనక సర్రుమనే రొద, 'స', 'శ' పలికేచోట గరగర వస్తే తప్పు మీ ప్లేయర్‌ది కాదండి, నాది. ఒకాయనతో "మీ ముల్లు అరిగింది, మార్చుకోండి" అన్నాను కూడా. ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను.

ఎప్పుడూ తెప్పించే చోటు నుంచే కోత సూదులు, అంటే డిస్కు మీద పాట గాడిని చెక్కేవి, పన్నెండు వచ్చాయి. పాతవి బిగించి టార్చి వేస్తే సూదీ, డిస్కులో దాని ప్రతిబింబమూ ఒకే గీతలో నిలిచేవి. వీటిలో ఆ గీత విరిగింది. మొనను కాడలోనే వంకరగా కూర్చోబెట్టారు. మా నాన్న పడవల వడ్రంగి. చిత్రికలో ఉలి కుదురుగా ఉంటే పొట్టు చుట్టలు చుట్టుకుని లేస్తుంది, వాలితే చెక్కను గీరుతుంది. ఇక్కడా అంతే. దారంలా లేవాల్సిన పొట్టు పొడిగా రాలింది, మెరవాల్సిన గాడి బూడిదరంగుకి తిరిగింది.

అడిగితే "మీ వైపు తేమ ఎక్కువ కదండీ" అన్నారు. ఆరేళ్లుగా ఈ కోనసీమ తేమలోనే కోస్తున్నాను. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు.

సూదులు పారేయాలా, సూదిని పట్టుకునే కోత తలను కాస్త వంచి సర్దుకోవాలా? వారం రోజులు ఇదే ఆలోచన. డబ్బు పోతుందని తలనే వంచాను. రొద తగ్గింది, తప్పు అక్కడే చేశాను. స్టీరియోలో ఎడమ, కుడి శబ్దాల మధ్య తేడా గాడిని పైకీ కిందికీ కదిలిస్తుంది. ఆ కదలిక నిట్టనిలువుగా ఉండదు, కొంత వాలుతో ఉంటుంది. మీ ప్లేయర్ ముల్లు సుమారు 20 డిగ్రీల వాలుకు తయారైనది. నేను తల వంచడంతో కోతవాలు దానికి దూరమైంది, గరగర మొదలైంది. మోనోలో, అంటే రెండువైపులా ఒకే శబ్దం ఉన్నప్పుడు, గాడి అటూ ఇటూ మాత్రమే కదులుతుంది కాబట్టి మీ భజనలకు ఆ బాధ లేదు. రొద వినిపిస్తే మాత్రం అవీ తెచ్చేయండి.

సూదులు పంపినవాళ్లు సగం డబ్బు వెనక్కిస్తామన్నారు, వద్దన్నాను. ఆ పన్నెండూ ఇక డిస్కు మీద వాలవు, అక్కడి నుంచి ఇంకో సూదీ రాదు. వేరేచోట చెప్పినవి వచ్చేదాకా స్టీరియో పని తీసుకోను. పాత సూదులు రెండున్నాయి, మోనోకి సరిపోతాయి.

మీ తాతగారి గొంతైనా, పెళ్లి సన్నాయైనా అసలు రికార్డింగులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మళ్లీ కోసినందుకు డబ్బు తీసుకోను, కొరియర్ ఖర్చూ నాదే. కొట్టుకి వచ్చినవాళ్లకు చివరి పాటదాకా వినిపించాకే చేతికిస్తాను.