అవ్వ ఆపరేషన్ గురించి అక్కకు

మస్కట్

అక్కకు, బావకు నమస్కారాలు.

నేను బాగున్నాను. పని ఎప్పటిలాగే ఉంది, ఎండలు మొదలైనయి. ఫోన్ చేస్తే అవ్వ పక్కనే ఉంటున్నది, మనసులో మాట అడగలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన అవ్వ మెడ గడ్డ రిపోర్టులు ఇక్కడి క్లినిక్‌లో డాక్టరమ్మకు చూపించాను. హన్మకొండ డాక్టర్ అన్నదే ఆమె కూడా అన్నది. థైరోలైపోమా కావచ్చట. థైరాయిడ్ కణాలు, కొవ్వు కలిసి ఒక పొర లోపల పెరిగే గడ్డ, చాలా అరుదు, క్యాన్సర్ జాతి కాదు. సూది పరీక్షలో కొవ్వు వస్తే చర్మం కింది కొవ్వు తగిలిందేమోనని అనుమానం వస్తుందట, అందుకే సీటీ స్కాన్ రాసిండ్రు. స్కాన్‌లో గడ్డ నల్లగా ఉన్నది కొవ్వు వల్లే. చిన్నమ్మ అన్నట్టు నెయ్యి తింటే వచ్చింది కాదు. థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంది, మాత్రలతో కరిగేదీ కాదు.

దసరాకు నేను వచ్చినంకనే ఆపరేషన్ అని అవ్వ పట్టుబట్టిందట. వద్దక్కా. ఇబ్బంది లేకుంటే నేనూ ఆగుదామనేవాణ్ని. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని బాపు చెప్పిండు, గడ్డ గాలిగొట్టాన్ని ఒత్తుతున్నట్టుంది. కొడుకు లేకుండా ఆపరేషనా అని ఊళ్లో అంటే అననీ. రావాలని నాకు ఉండదా? సెలవు అడిగాను, ఇస్తలేరు.

అవ్వ భయం గొంతు గురించే. బతుకమ్మ కాడ పాట ఎత్తుకునేది ఆమే కదా. గొంతును ఆడించే నరం థైరాయిడ్‌కు ఆనుకొనే పోతుంది, సర్జన్లు దాన్ని చూసుకుంటూనే కోస్తారు. ఆపరేషన్‌కు ముందు స్వరతంతువులను పరీక్ష చేయమని నువ్వే అడుగు. థైరాయిడ్‌లో తీసేది ఒక పక్కనే, మిగిలిన సగం చాలామందికి సరిపోతుందట. ఆరు వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే మాత్రలు కావాల్నా వద్దా తెలుస్తుంది.

తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు మరిచిపోకు. ఎప్పుడో ఒకసారి థైరాయిడ్ క్యాన్సర్‌లోనూ కొవ్వు కనబడుతుందట, అది చూసినంకనే ఖాయంగా చెప్తారు. ఈ ముక్క అవ్వ ముందు అనకు, నాకే నిద్ర పడుతలేదు.

సమ్మక్కకు బంగారం మొక్కుకున్నదట కదా. ఆ బంగారం, అదే బెల్లం, నేను కొనిస్తానని చెప్పు.

బాపు ఖర్చుల కోసం మిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాడేమో, ధర లేనప్పుడు అమ్మొద్దను. బావ అకౌంట్‌లో డబ్బులు వేశాను. డేట్ ఇయ్యంగనే మెసేజ్ పెట్టు, ఆ రోజు డ్యూటీ మార్చుకుంటాను.

నీ తమ్ముడు