ఏ తనిఖీ రికార్డు చూడమంటారు?

సంపాదక మహాశయా,

మొన్నటి ఆదివారం మీ జిల్లా పేజీలో పాత కారు కొనేవాళ్ళకు సలహాలంటూ దాదాపు సగం పేజీ రాశారు. ఇంట్లో పెళ్ళి పనులుండి వెంటనే రాయలేకపోయాను. ఫిట్‌నెస్ పత్రం చూడండి, పొల్యూషన్ పత్రం చూడండి, తనిఖీ రికార్డులన్నీ సరిగ్గా ఉంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చన్నట్టు తేల్చేశారు. ఆ పక్కనే కార్ల మేళా ప్రకటన కూడా వేశారనుకోండి, అది వేరే సంగతి.

నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అసలు ఏ తనిఖీ రికార్డు గురించి రాశారో నాకు అర్థం కాలేదు. సొంతానికి వాడుకునే కారుకు రిజిస్ట్రేషన్ చేసిన రోజే 15 ఏళ్ళ గడువు రాసిచ్చేస్తారు. 1988 మోటారు వాహనాల చట్టంలో ఉన్నదే అది. ఆ 15 ఏళ్ళలో ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ దాని బానెట్ ఎత్తి చూడడు. ఫిట్‌నెస్ అనేది టాక్సీలకు, ఆటోలకు, లారీలకు. బండికి 8 ఏళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. అంటే మీ సలహా పసుపు ప్లేటు బండ్లకు పనికొస్తుంది. నర్సంపేట, పరకాల, ములుగు నుంచి వచ్చి రెండు మూడు లక్షలు అప్పు చేసి మనవాళ్ళు కొనేది తెల్ల ప్లేటు ఆల్టోలు, వ్యాగనార్లు. వాటికి ఫిట్‌నెస్ రికార్డు చూపించమంటే పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీవాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు.

పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది కదా అంటారేమో. ఉంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు కూడా. ఫీజు పెంచడానికి ఒక్క నోటిఫికేషన్ చాలింది. మనిషి చేత్తో కాకుండా యంత్రాలతో ఫిట్‌నెస్ పరీక్షించే కేంద్రాల సంగతి మాత్రం వాయిదాల మీద నడిచింది. పెద్ద బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అన్నారు, ఆ గడువు దగ్గర పడేసరికి 2024 అక్టోబర్ 1 అన్నారు. కట్టించుకునేది ఏనాడూ వాయిదా పడదు, చేసిపెట్టాల్సిందే పడుతుంది.

ఇక మిగిలింది పొల్యూషన్ పత్రం. కొత్త కారుకు మొదటి ఏడాది అక్కర్లేదు, తర్వాత బీఎస్-4, బీఎస్-6 అనే పొగ ప్రమాణాల కింద తయారైన బండ్లకు ఏడాదికోసారి. నిజంగా పరీక్షిస్తే అది కూడా చిన్న రికార్డేమీ కాదు. బీఎస్-4 పెట్రోలు కారు ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్ 200 పీపీఎం (పది లక్షల్లో 200 పాళ్ళు) దాటకూడదు. నాలుగైదేళ్ళ పత్రాలు వరసగా పెట్టి చూస్తే ఆ అంకెలు ఏటికేడు ఎలా పెరుగుతున్నాయో తెలిసి ఇంజిన్ సంగతి సగం బయటపడుతుంది. కానీ ఎవరు దాచిపెడతారు? పాత పత్రం గడువు తీరగానే చించి పారేస్తాం. పైగా రోడ్డు పక్కన వ్యాను ఆపుకుని, సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే ఫొటో కొట్టి కాగితం చేతిలో పెట్టేవాళ్ళను ఈ జిల్లాలో చూడనివాళ్ళున్నారా?

మా అన్న కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడ కారుకు మూడేళ్ళు నిండితే ఏటా ఎంఓటీ అని ఒక పరీక్ష చేయించాలి. బండి నంబరు కొడితే చాలు, ఎవరైనా పైసా కట్టకుండా దాని పరీక్షల చరిత్రంతా చూసుకోవచ్చు. ఏ ఏడు పాసైంది, దేనికి ఫెయిలైంది, ఆ రోజు మీటరు ఎంత చూపించింది, ఇప్పటికి పర్లేదు గానీ త్వరలో మార్చుకోవాలని ఏ భాగం గురించి హెచ్చరించారు, అన్నీ. వాడు వీడియో కాల్‌లో ఒక చిన్న కారు చరిత్ర తీసి చూపించాడు. ముందు టైర్లు అరిగాయని ఒక ఏడు హెచ్చరిక, మరుసటి ఏడు అవే టైర్లకు ఫెయిల్. బండి నడిపినవాడు ఎలాంటివాడో దాంతోనే తెలిసిపోయింది. ఇంకో ముఖ్యమైన మాట, ఆ పరీక్షలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉన్నాయో చూడరు. కాబట్టి అక్కడ కూడా ఒక్క పాస్ కాగితం చూసి మోసపోవద్దంటాడు వాడు. వరసగా చదివితేనే ఆ కాగితాలకు విలువ.

ఇది మా గ్యారేజీవాళ్ళకు కొత్త కాదు. డ్రైవరు డ్యూటీ దిగుతూ లాగ్‌షీట్‌లో బండి లోపం రాసిపోతాడు. 'బ్రేకు ఎడమకు లాగుతున్నది' అని ఒకసారి రాస్తే సర్దుబాటు చేసి పంపేవాళ్ళం. అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తే లోపం బ్రేకుది కాదు, ఎవరో పని చేయకుండానే సంతకం పెట్టారని అర్థం. లాగ్‌షీట్‌లు తిరగేస్తే ఏ బస్సు ఎప్పుడు దారిలో ఆగిపోతుందో మాకు ముందే తెలిసేది. లక్షల కిలోమీటర్లు తిరిగిన పల్లెవెలుగు బస్సుకు ఇంత రికార్డు ఉన్నప్పుడు, ఒక కుటుంబం పదేళ్ళ పొదుపు పెట్టి కొనే కారుకు ఎందుకు ఉండకూడదు?

మా వీధిలో ఒకతను పోయినేడు ఒక కన్సల్టెన్సీలో చిన్న కారు కొన్నాడు. సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి, షోరూం సర్వీసు అని చెప్పారట. మన దగ్గర అమ్మకానికొచ్చే ప్రతి రెండో కారూ డాక్టరు గారిదే! మీటరు 41 వేలు చూపిస్తున్నది. పొల్యూషన్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చాక చూడమని నన్ను పిలిచాడు. బ్రేకు పెడల్ రబ్బరు గీతలు పోయి నున్నగా ఉంది, 41 వేలకు అలా అరగదు. డ్రైవరు పక్క సీటు బెల్టు చివరిదాకా లాగితే, మామూలుగా లోపల చుట్టుకుని ఉండే భాగంలో అడ్డంగా మట్టి చార. సీటు పట్టాల మీద తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీస్తే దాని గుంతలో మెత్తటి ఒండ్రు. ఆ బండి ఏదో వరదలో సీట్లదాకా మునిగింది. వైరింగు ఇవాళ పనిచేస్తుంది, రేపు ఏ రోడ్డు మీద ఆగుతుందో చెప్పలేం.

ఏ వరదని అడగాల్సిన పనేముంది? 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి. నాలాల మీద ఆక్రమణలు తీసేస్తాం, వెడల్పు చేస్తాం అన్నారు. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు మళ్ళీ పడవలేసుకుని తిరిగాం. స్మార్ట్ సిటీ బోర్డులు మాత్రం తడవకుండా ఎత్తుగా కట్టారు. ఆ నీళ్ళలో నిలిచిన కార్లన్నీ ఏమయ్యాయి? కొన్నిటికి బీమా కంపెనీలు టోటల్ లాస్, అంటే బాగుచేయించడం దండగ అని లెక్కగట్టి, డబ్బులిచ్చి వేలం వేస్తాయి. వాటిని కొన్నవాళ్ళు తుడిచి, టచప్ కొట్టి, ఇంకో ఊళ్ళో అమ్మరని నమ్మకమేమిటి? సిగ్నల్ దాటితే చలానా ఫొటోతో సహా ఆన్‌లైన్‌లో వచ్చి కూర్చుంటుంది. బండి మునిగిన సంగతి మాత్రం కొనేవాడికి ఎక్కడా కనపడదు.

చట్టం అసలే లేదనను. 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. తమ దగ్గరున్న బండి ఎందుకు బయటికెళ్ళింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని రిజిస్టరు రాయాలి. డీలరు ట్రయల్‌కు తిప్పిన నాలుగు కిలోమీటర్లకు లెక్క ఉంటుందన్నమాట, అంతకుముందు తిరిగిన లక్షకు ఉండదు. మన జిల్లాలో ఎంతమందికి ఆ అనుమతి ఉందో అధికారులు చెబితే వినాలని ఉంది. జీఎస్టీ కౌన్సిల్ మాత్రం 2024 డిసెంబర్‌లో మరిచిపోకుండా, డీలరు అమ్మే పాత చిన్న కార్ల లాభం మీద పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచింది.

అడిగేది పెద్దదేమీ కాదు. పొల్యూషన్ పరీక్షప్పుడు, ఇన్సూరెన్స్ రెన్యువల్‌ప్పుడు, షోరూం సర్వీసప్పుడు మీటరు రీడింగు ఫొటోతో నమోదు కావాలి. వరద క్లెయిమ్, టోటల్ లాస్ అయిన బండికి ఆ మాట రికార్డులో ఎక్కాలి. నంబరు కొడితే కొనేవాడికి అది కనపడాలి. ఓనరు పేరు, ఫోను మాకక్కర్లేదు, బండి సంగతి చాలు.

అందాకా మీరు రాయాల్సిన సలహా ఇంకోటుంది. కొనేవాళ్ళు పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడిగి నో క్లెయిమ్ బోనస్ చూడాలి. అది క్లెయిమ్ చేయనివాళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, వరసగా ఐదేళ్ళు లేకపోతే 50 శాతం వస్తుంది. ఒకే ఓనరు దగ్గరున్న బండికి అది మధ్యలో సున్నా అయిందంటే ఆ ముందటేడు ఏదో జరిగిందనుకోవాలి, ఏం జరిగిందో అడగాలి. కొత్త కారు కొని బోనస్ దానికి మార్చుకున్నా సున్నా కావచ్చు, ఆ కాగితం కూడా చూపించమనాలి. షోరూం సర్వీసు అంటే బిల్లులు అడగాలి, నోటిమాట కాదు. బేరం కుదరకముందే తమ సొంత మెకానిక్‌ను తీసుకెళ్ళి లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూపించుకోవాలి. అందుకు ఒప్పుకోని కన్సల్టెన్సీలో టీ కూడా తాగకుండా లేచి రావాలి.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
కాజీపేట