చెత్తబుట్ట దగ్గర జపనీస్ పాఠం

తల్లిదండ్రులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులు బాగా గడిచాయనుకుంటాను.

బడి తెరిచిన రోజే ఒక నాన్నగారు నా గదికి వచ్చి టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. "మేడమ్, మావాడు జపనీస్ నేర్చుకుంటున్నాడని చుట్టాలందరికీ చెప్పుకున్నాం. తీరా చూస్తే క్లాసులో చెత్త గురించి చదివిస్తున్నారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఈ సందేహం ఇంకా చాలామందికి ఉండే ఉంటుంది. అందుకే ఈ నెల ఉత్తరమంతా దాని గురించే.

జపాన్‌లో ఇంటి చెత్తను ఏ రోజు ఏది బయట పెట్టాలో ఊరూరికీ ఒక పట్టిక ఉంటుంది. కాలే చెత్త ఒక రోజు, సీసాలు ఇంకో రోజు. ప్లాస్టిక్ సీసా అయితే చాలాచోట్ల మూత తీసి, పైన చుట్టిన లేబుల్ ఒలిచి, కడిగి పెట్టాలి. మన జపనీస్ టీచర్ ఆ పట్టికను తేలిక మాటల్లో రాసి పిల్లలకిచ్చారు. అందులో ఒక వాక్యం: "హచిజి మదె ని దషితె కుదసై". హచిజి అంటే ఎనిమిది గంటలు, మదె ని అంటే లోపు, దషితె కుదసై అంటే బయట పెట్టండి. "ఎనిమిదింటిలోపు బయట పెట్టండి." మాటల వరస చూశారా? అచ్చం మనదే. సమయం ముందు, క్రియ చివర, విభక్తి మాటకి వెనక. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఇదంతా తిరగేసి మళ్లీ తిరగేయాలి. మన పిల్లలు మొదటి నెలంతా అదే పని చేసి తికమకపడ్డారు. తెలుగులో ఆలోచించమని చెప్పాక దారిలో పడ్డారు. "మదె" అంటే దాకా, "మదె ని" అంటే లోపు అనే తేడా వ్యాకరణం పుస్తకంలో అరపేజీ ఉంటుంది. ఎనిమిది దాటితే చెత్త బండి వెళ్లిపోతుందని చదివిన పిల్లవాడికి ఆ అరపేజీతో పని లేదు.

ఇల్లు దాటేటప్పుడు జపాన్ వాళ్లు "ఇత్తె కిమస్" అంటారు. ఇత్తె అంటే వెళ్లి, కిమస్ అంటే వస్తాను. ఇది క్లాసులో చదివినప్పుడు వెనక బెంచీ అమ్మాయి ఒకతి "వెళ్లొస్తా!" అని అరిచింది. "పోతున్నా" అంటే వాళ్ల నాయనమ్మ ఊరుకోదట. ఇంట్లో ఉన్నవాళ్లు బదులుగా "ఇత్తె రష్షై" అంటారు, అంటే వెళ్లి రండి. భోజనానికి ముందు చేతులు జోడించి అనే "ఇతదకిమస్" మాటని నిఘంటువులో చూస్తే 'స్వీకరిస్తున్నాను' అని ఉంటుంది. దాని పాత అర్థం నెత్తిన పెట్టుకోవడం. ప్రసాదాన్ని కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టిన పిల్లలకి అంతకన్నా వివరం అవసరమా? తిన్నాక అనే "గొచిసోసమ"లో 'చిసో' అంటే అటూ ఇటూ పరుగెత్తడం. వంట సరుకుల కోసం ఎవరో తిరిగారని గుర్తుపెట్టుకోవడం అన్నమాట. మన అన్నదాతా సుఖీభవకి దగ్గరి చుట్టం.

మాటకి అర్థం తెలిస్తే సరిపోదని నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. నిరుడు ఒక జపాన్ ఇంజనీరు మన బడి చూడ్డానికి వచ్చారు. కాఫీ తాగుతారా అని అడిగితే "ఈ దెస్" అన్నారు. 'ఈ' అంటే మంచిది అని నేను అప్పటికి బట్టీ పట్టాను, వెంటనే తెప్పించాను. ఆయన మొహమాటానికి సగం తాగారు. వద్దనడానికి కూడా వాళ్లు అదే మాట అంటారట, "దైజోబు దెస్" కూడా అంతే. మన ఇళ్లల్లో "ఇంకొంచెం వడ్డించనా?" అంటే "పర్లేదండి" అంటామే, సరిగ్గా అదే. ఇది పదాల పట్టికలో దొరకదు, ఒక ఇంట్లో నలుగురు కూర్చుని తింటున్న పేజీ చదివితే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జపాన్ బడుల్లో పిల్లలే తరగతి గది శుభ్రం చేస్తారని చదివించాం. మధ్యాహ్న భోజనం కూడా తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని వంతులవారీగా పిల్లలే వడ్డిస్తారు. ఆ భోజనానికి 1954 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ఇది చదివి కొందరు "జపాన్‌లో అందరూ క్రమశిక్షణ గలవాళ్లు, మనవాళ్లు సోమరులు" అని వ్యాసాలు రాశారు. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల ప్రభావం. మార్కులు తగ్గించి వెనక్కిచ్చాను. అక్కడి బడుల్లోనూ పనివాళ్లు ఉంటారు, అక్కడి పిల్లలూ చీపురు పట్టమంటే గొణుగుతారు. మనం చదివేది ఒక ఊరి అలవాట్లు, దేవతల కథలు కాదు.

పరీక్ష సంగతి చాలామంది అడిగారు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి కాబట్టి ఆ ఆశ సహజం. జేఎల్‌పీటీలో, అంటే జపనీస్ భాష ఎంత వచ్చో చూసే పరీక్షలో, ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు మెట్లు, ఎన్5 అన్నిటికన్నా తేలిక. అందులో మాట్లాడే పరీక్ష లేదు. చదివే భాగంలో మాత్రం నోటీసులు, చిన్న చీటీలు ఇచ్చి ప్రశ్నలడుగుతారు, అంటే మన చెత్త పట్టిక లాంటివే. కాబట్టి టెన్షన్ వద్దు. ఎన్5 రాయాలనుకునేవాళ్లకి వేసవిలో విడిగా తరగతులు పెడతాం.

వచ్చే పాఠం సెత్సుబున్ అనే జపాన్ పండుగ. సాధారణంగా ఫిబ్రవరి 3న వస్తుంది. వేయించిన సోయా గింజలు విసురుతూ "ఒని వ సొతొ, ఫుకు వ ఉచి" అంటారు: దయ్యాలు బయటికి, భాగ్యం ఇంట్లోకి. తర్వాత ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తింటారు. దీనికి జతగా పిల్లలు భోగిపళ్ల గురించి జపనీస్‌లో అయిదు వాక్యాలు రాసి తేవాలి. రేగుపళ్లతోపాటు మీ ఇంట్లో ఏమేం కలుపుతారు, ఎవరు ముందు పోస్తారు, ఎందుకు పోస్తారు అని అడుగుతారు. "అలా పోస్తారంతే" అని పంపేయకండి. మీకు గుర్తులేకపోతే అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ కలిపివ్వండి. వాక్యాలు తప్పులతో ఉన్నా ఫర్వాలేదు, ఫోన్‌లో అనువదించినవి మాత్రం తీసుకోం.

గింజలు బడిలోనే ఇస్తాం. సోయా పడనివాళ్లు ఉంటే శుక్రవారంలోపు డైరీలో రాసి పంపండి. విసిరాక ఊడ్చేది పిల్లలే, ఆ పూట ఆయమ్మని చీపురు ముట్టుకోవద్దని చెప్పేశాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు