ఫ్లింట్ హిల్స్ చూసి రా

చి. సింధుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. సెలవు దొరికితే కాన్సాస్ సిటీకి పోవడం తప్ప కాన్సాస్ రాష్ట్రంలోని మీ మన్‌హాటన్ ఊరి చుట్టుపక్కల చూడదగ్గది ఏమీ లేదని మొన్న ఫోనులో అన్నావు. వ్యవసాయ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక, నీ దగ్గరికి వచ్చినప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఊరి చుట్టూ ఉన్న ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండలే.

ఉత్తర అమెరికాలో ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాల్లో పరచుకొని ఉండిన పొడుగు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం లోపే. అందులోనూ అధికభాగం ఈ ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది. అయోవా, ఇల్లినాయ్‌లలోని లోతైన నల్లమట్టిని దున్ని మొక్కజొన్న వేసుకొన్నారు గాని, ఇక్కడ సున్నపురాయి పొరల్లో చెకుముకి రాళ్లు నిండి, పైన మట్టి పలుచగా ఉండడంతో నాగలి సాగలేదు. మన అనంతపురంలో అటువంటి నేలను బీడని తీసిపారేస్తాం. అక్కడివాళ్లు దాని మీదనే పశువులను మేపుకొని బతుకుతున్నారు.

వసంతంలో వచ్చే పొగకు నువ్వు విసుక్కుంటావు. పశువుల కాపరులు గడ్డికి కావాలనే నిప్పు పెడతారమ్మా. పెట్టకపోతే కొన్నేళ్లకే పొదలు, చెట్లు కమ్ముకొంటాయి. బ్లూస్టెమ్ గడ్డి ప్రాణమంతా భూమిలోని వేళ్లలో ఉంటుంది కనుక, కాలి నల్లబడిన నేల ఎండకు త్వరగా వేడెక్కగానే లేత మేత మొలుస్తుంది. మీ విశ్వవిద్యాలయం వారే ఊరి పక్కనున్న కొంజా ప్రెయిరీ అనే పరిశోధనా గడ్డిమైదానంలో కొన్ని ఖండాలను ఏటా, కొన్నింటిని రెండేళ్లకు, నాలుగేళ్లకు, ఇరవయ్యేళ్లకు ఒకసారి కాల్చి పోల్చి చూస్తున్నారు.

177వ నంబరు రోడ్డు పట్టుకొని దక్షిణంగా వెళితే కౌన్సిల్ గ్రోవ్ వస్తుంది. శాంటా ఫే ఊరికి వెళ్లే పాతకాలపు వర్తకుల బండ్ల బాట కోసం 1825లో అమెరికా ప్రభుత్వానికి, ఓసేజ్ అనే ఆదివాసీ ప్రజలకు మధ్య ఒప్పందం జరిగిన చోటది. కాన్సాస్‌కు పేరిచ్చిన కా అనే ఆదివాసీ ప్రజలను ఆ ప్రాంతం నుంచి 1873లో వెళ్లగొట్టారు. సరిగ్గా అదే ఏడాది ఆ దిగువనున్న కాటన్‌వుడ్ ఫాల్స్‌లో సున్నపురాయితో కట్టిన కోర్టు భవనం పూర్తయింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. భవనం అందంగానే ఉంది గాని, ఈ రెండు సంగతులనూ కలిపి గుర్తుంచుకో.

దానికి కాస్త ఇవతల, స్ట్రాంగ్ సిటీ దగ్గర, 1996లో ఏర్పడిన దాదాపు 10,900 ఎకరాల జాతీయ గడ్డిమైదానం ఉంది. 2009లో అక్కడికి అడవిదున్నలను (బైసన్లను) మళ్లీ తెచ్చి వదిలారు. ఫోటో కోసం వాటి దగ్గరికి పోవద్దు. సెప్టెంబరు చివర గడ్డి మనిషెత్తు దాటి రాగి రంగుకు తిరుగుతుందట, నేను వచ్చింది మేలో కనుక ఆ భాగ్యం నాకు కలగలేదు. దారిలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, కౌన్సిల్ గ్రోవ్‌లోనే పెట్రోలు పోయించుకొని స్నేహితులతో కలిసి వెళ్లు.

మీ నాన్న