పేరు చెప్పకుండా వెళ్లిపోయిన జేసీబీ అన్నకు

హన్మకొండ శివారులోని మా గుర్రపు స్వారీ మైదానం కరోనా తర్వాత సర్కారు తుమ్మ, వయ్యారిభామతో నిండిపోయింది. అన్నా, మీరు పైపైన కొట్టేసి పోలేదు. సర్కారు తుమ్మను నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుందని వేళ్లతో సహా పెకిలించారు. తర్వాత జేసీబీ దిగి, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో చెయ్యి పెట్టి కలిపి మరీ ముళ్లు ఏరారు. అది చూసి నాకు మాట రాలేదు. గిట్ట అడుగున ముల్లు దిగితే చీము పట్టి గుర్రం కుంటుతుంది. మా అసలు టెన్షన్ అదే. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు నేలకు వాననీరు పోయేలా వాలు కూడా తీశారు. డీజిల్ డబ్బులైనా తీసుకోలేదు! పిల్లలు మళ్లీ స్వారీ నేర్చుకుంటున్నారు. మీరు, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. ఒకసారి వచ్చి చూసి వెళ్లండి అన్నా.